నల్లరాతి పలక

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ
నడుమెత్తే.
మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నాక
ఆమె ఇంగ్లీషంతా
తొక్కుడు తొక్కుడుకీ నా చెవిన పడేది.

మారిసెల్ ఆమె పేరు.
చీమకుర్తిలో ఎవరికీ నోరు తిరగలా.
మారిసమ్మ అయింది, మరియమ్మ అయింది,
చివరికి ఫిలిప్పీన్సు టీచరమ్మ దగ్గర ఆగింది.
కువైటులో ఒకే ఇంట్లో
ఆమె పిల్లల్ని సాకేది, మా సుబ్బరాయుడు కారు తోలేవాడు.
ఇప్పుడతను క్వారీలో క్రేను తోలతాడు.
చుట్టూ సముద్రమున్న ఊరు వదిలి
ఆమె రాళ్ళ ఊరికి కాపురానికొచ్చింది.

బడి అంటే బడేం కాదు.
వరండాలో చాప,
పాలిషు యార్డులో మూల విరిగిందని పారేసిన
గ్రానైటు పలక.
నల్లటి రాయిలో చుక్కలు చుక్కలు మెరుస్తుంటే
సుద్దతో ఏ అని రాస్తే
రాత్రి ఆకాశానికి ఎవరో నిచ్చెనేసినట్టుండేది.

పైసా అడగలా.
ఎందుకమ్మా నీకీ గోల అంటే
"ఇల్లు, ఊరికే..." అని
తర్వాత మాట దొరక్క
రెండు చేతులూ చాపి ఖాళీగా చూపించింది.

ఇజ్రాయేలు, కోటిరత్నం, రహంతుల్లా,
ఒరిస్సా కూలీల రేకుల షెడ్డు నించి బిపిన్.
బిపిన్‌కి తెలుగు కూడా రాదు.
అందుకేనేమో ఇంగ్లీషుకి వాడొక్కడే భయపడలా.

సాయంత్రం బ్లాస్టింగు సైరను మోగితే
పాఠం నడిమధ్యలో ఆగి
పలకని నలుగురూ నాలుగు వైపులా పట్టుకునేవాళ్ళు.
పైకప్పు నించి సన్నగా రాలేది.
"డస్ట్!" అని అరిచేవాళ్ళు.
ఆ మాట ఆమె నేర్పలా.
వాళ్ళ నాయన ఎక్స్‌రే కాగితం మీద
డాక్టరు అదే రాశాడన్నాడు రహంతుల్లా.

నేనూ దొంగతనంగా నేర్చుకున్నా.
కొలతల పుస్తకంలో మెడ అని రాసే చోట
తెలుగు అక్షరాల్లోనే
నెక్ అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశా.

ఒకరోజు కోటిరత్నం అడిగింది:
ఎంగిలిని ఏమంటారు టీచర్?
ఆమెకి ఎంగిలే తెలీదు.
గ్లాసు మూతికి పెట్టి చూపించారు,
పైకెత్తి పోసుకుని చూపించారు.
ఇజ్రాయేలు జామకాయ కొరికి, ఇదీ, అన్నాడు.
ఆమె నవ్వి
వాడు కొరికిన చోటే కొరికింది.
పిల్లోడు కొయ్యబారిపోయాడు.
వాడి చేతి కాయ
మా వీధిలో ఎవరూ అట్టా తీసుకోలా.
నేనూ తీసుకోలా. ఇది చెప్పకపోతే
మిగతాదంతా అబద్ధమవుద్ది.
పలక మీద ఎంగిలి అనే మాట ఎదురుగా
ఏం రాయకుండానే వదిలేసింది.

కార్తీకంలో వాళ్ళమ్మ పోయింది.
కబురు ఫోనులో వచ్చింది,
మట్టి చెయ్యడం కూడా ఫోనులోనే చూసింది.
తలుపేసుకుంది.

మూడోరోజు పిల్లలు వరండాలో గుసగుసలు.
సారీ అందామా?
అది ఆలస్యమైతే అనేది మేయ్.
హౌ ఆర్ యూ?
అంటే ఫైన్ అనాలి గదా,
పాపం టీచరు ఎట్టా అనుద్ది?
నేర్చుకున్న మాటలన్నీ
ఒకటొకటే తీసి చూసి పక్కన పెట్టారు,
చినుగు మీదకి సరిపోయే గుడ్డముక్క కోసం
నేను మూట వెతికినట్టు.

చివరికి ఇజ్రాయేలు తలుపు దగ్గరికి పోయి
చేతులు కట్టుకుని
తప్పు లేకుండా తనకొచ్చిన ఒకే ఒక్క వాక్యం అన్నాడు:
మే ఐ కమిన్ టీచర్?

నా మిషను ఆగింది.

చాలాసేపటికి
లోపల్నించి మా యాసలోనే వినపడింది:
రా నాయనా.

ఆ పూట టీ కాచి
గోడ మీంచి అందించా. ఆరు స్టీలు గ్లాసులు,
వాటిల్లో ఒకటి నాది.
తిరిగొచ్చాక ఏది ఎవరిదో తెలీలా.
తెలుసుకోవాలని ఒక్క క్షణం చూశా,
నిజమే, చూశా.
తర్వాత అన్నీ ఒకే గిన్నెలో వేసి కడిగా.